పోషణ డబ్బు ఫైనాన్సుకు పోయింది, మందు మాత్రం లోపలికి వెళ్లింది: గుంటూరులో ఒక టీబీ కేసు

టీబీ రోగికి తిండి కోసం ప్రభుత్వం ఇచ్చిన డబ్బు వడ్డీ వ్యాపారి చేతికి వెళ్తే దాన్ని ఏమనాలి? మా ఆరోగ్య కేంద్రంలో ఈ ప్రశ్న తరచుగా వస్తుంది. చాలామంది సిబ్బంది వెంటనే చెప్పే మాట 'దుర్వినియోగం'. ఆ మాట ఎంత తొందరపాటుదో ఈ కుటుంబం దగ్గర స్పష్టంగా కనిపించింది. అందుకే దీన్ని వివరంగా రాసిపెడుతున్నాను. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. వైద్యానికి, డబ్బు లెక్కకు సంబంధించినవి మాత్రం మార్చలేదు.

కుటుంబం, దాని రాబడి

గుంటూరులో ఒక కాలనీ. అద్దెకు ఒకే గది, ముందు రేకుల వసారా. ఐదుగురు మనుషులు: నలభైకి దగ్గరపడుతున్న ఇంటాయన, ఆయన భార్య, పన్నెండేళ్ల కూతురు, తొమ్మిదేళ్ల కొడుకు, ఆయన తల్లి. ఆయన మిర్చి యార్డులో హమాలీ. భార్య సీజన్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది, కూలి కిలోల లెక్కన. సీజన్ అంటే జనవరి నుంచి మే దాకా. ఆ నెలల్లో యార్డు సోమవారం నుంచి శుక్రవారం దాకా కిటకిటలాడుతుంది, శని ఆదివారాలు సెలవు. ఒక్కో టిక్కీ, అంటే మిర్చి బస్తా, నలభై కిలోల పైమాటే. ఎన్ని మోస్తే అంత కూలి, మొయ్యని రోజు ఏమీ లేదు.

యార్డులో అందరూ దగ్గుతారు. ఘాటుకు కళ్లు, ముక్కు, గొంతు మండుతుంటాయి. అందుకే ఈయన దగ్గును నెలల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. 'ఘాటు దగ్గు' అని ఆర్‌ఎంపీ దగ్గర సిరప్పు, ఇంజక్షన్లు. తర్వాత ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే, రక్త పరీక్షలు, యాంటీబయాటిక్స్. సీజన్ కాని నెలల్లో పడిన ఆ ఖర్చుకు ఇంట్లో డబ్బు లేదు. రోజువారీ ఫైనాన్సులో 20,000 రాయించుకున్నారు. చేతికొచ్చింది 17,000. రోజుకు 200 చొప్పున వంద రోజులు కట్టాలి. ఈ లెక్క చూడటానికి నూటికి పదిహేను రూపాయల వడ్డీలా కనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకీ తగ్గుతూ ఉంటుంది కదా. ఏడాది లెక్కన చూస్తే నూటికి నూరు దాటుతుంది. పైగా ఆ అప్పు (రోజూ కట్టింది కార్డు మీద రాస్తారు కాబట్టి దాన్నీ కార్డనే అంటారు) సగం తీరేసరికి మళ్లీ అవసరం పడి, పాతదాన్ని కొత్త కార్డులో కలిపి తిరగరాయించుకున్నారు. జబ్బు బయటపడేనాటికి ఇంకా సుమారు 14,000 బాకీ ఉంది. విజయవాడలో 2015 డిసెంబరులో కాల్‌మనీ కేసులు (అధిక వడ్డీకి అప్పులిచ్చి బెదిరించి వసూలు చేయడం) బయటికొచ్చినప్పుడు ఈ వ్యాపారం గురించి రాష్ట్రమంతా మాట్లాడుకుంది. మా కాలనీల్లో సాయంత్రమయ్యేసరికి బండి మీద వసూలుకు వచ్చేవాళ్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు.

ఈ ఇంటికి ప్రభుత్వం నుంచి వచ్చే నగదు మూడు దారుల్లో వస్తుంది. మొదటిది పెద్దావిడ పింఛను. 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000. ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది ఇంటికే తెచ్చి ఇస్తారు. రెండోది తల్లికి వందనం. బడికెళ్లే ఒక్కో బిడ్డకు 13,000 చొప్పున తల్లి ఖాతాలో ఏడాదికొకసారి పడుతుంది. మేం చికిత్స మొదలుపెట్టేనాటికి అది ఇంకా హామీగానే ఉంది, 2025 జూన్‌లో వచ్చింది. మూడోది టీబీ తేలాక వచ్చే నిక్షయ్ పోషణ్ డబ్బు. 2018లో నెలకు 500తో మొదలైన ఈ సాయాన్ని 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. ఆరు నెలల చికిత్సకు మొత్తం 6,000. మొదట్లో 3,000, చికిత్సలో 84 రోజులు పూర్తయ్యాక ఇంకో 3,000. వీటికి తోడు రేషన్ బియ్యం ఉన్నాయి. అందువల్ల ఈ ఇంట్లో అన్నానికి కరువు లేదు. అన్నంలోకి పప్పు, గుడ్డు, పాలు ఉండవు. పచ్చడి మెతుకులతో కడుపు నిండుతుంది, ఒంటికి కండ మాత్రం పట్టదు.

జబ్బు తేలిన రోజు

2025 ఫిబ్రవరి చివర్లో మా ఆశా కార్యకర్త బలవంతం మీద ఆయన తెమడ పరీక్షకు వచ్చాడు. ట్రూనాట్ అనే యంత్ర పరీక్షలో టీబీ తేలింది, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమే. హెచ్‌ఐవీ లేదు, షుగరు లేదు. బరువు 41 కిలోలు, ఎత్తు 165 సెంటీమీటర్లు. అంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే లెక్క) 15 దగ్గర. ఇది తీవ్రమైన పోషణ లోపం కిందకు వస్తుంది.

ఇక్కడ మొదటి నిర్ణయం: ఆసుపత్రిలో చేర్చాలా, ఇంటి దగ్గరే మందు ఇవ్వాలా? పొరుగున తమిళనాడు 2022 నుంచి టీబీ తేలిన వయోజనులందరినీ మొదటి రోజే కొన్ని సులువైన కొలతలతో చూస్తోంది. బీఎంఐ ఎంత, కాళ్లకు వాపు ఉందా, ఊపిరి ఎంత వేగంగా తీస్తున్నాడు, ఆక్సిజన్ ఎంత, ఆసరా లేకుండా నిలబడగలడా. వీటిని చూసి ప్రాణాపాయం ఎవరికి ఎక్కువో అప్పటికప్పుడే తేలుస్తారు. మేమూ అదే దారిలో చూశాం. వాపు లేదు, ఆక్సిజన్ బాగుంది, నడిచే వచ్చాడు. బీఎంఐ ఒక్కటే భయపెట్టేలా ఉంది. ఆసుపత్రిలో చేరమంటే కుటుంబానికి ఉన్న ముఖ్యమైన కూలి ఆగిపోతుంది, పైగా మధ్యలోనే వెళ్లిపోయే ప్రమాదం ఉంది. ఇంటి దగ్గరే మొదలుపెట్టి వారం వారం చూద్దామని నిర్ణయించాం. బరువును బట్టి రోజుకు మూడు మాత్రలు.

ఆయన బ్యాంకు ఖాతా వాడక మూతపడింది. రాతపూర్వకంగా ఒప్పుకుని భార్య ఖాతా ఇచ్చాడు. డబ్బు ఆమె చేతికి రావడం తర్వాత మేలు చేసింది. ఆ రోజు మాత్రం అది కేవలం కాగితాల అవసరం కొద్దీ జరిగింది.

మా ముందున్న సమస్య

మార్చి చివరికి బరువు 40.6. మందు మొదలైన నెలకు బరువు పెరగాలి, ఇక్కడ తగ్గింది. మాత్రల స్ట్రిప్పుల్లో ఖాళీ కాని గుంటలు చాలా ఉన్నాయి. 3,000 ఖాతాలో పడి అప్పటికే రెండు వారాలు దాటింది. ఇంట్లో గుడ్డు పెంకు కూడా కనిపించలేదని క్షేత్ర సిబ్బంది చెప్పారు. 'తాగేసుంటాడు మేడం, ఇప్పుడు క్వార్టర్ 99కే దొరుకుతోంది కదా' అన్నది బృందంలో ఎక్కువమంది మాట. ఆయన తాగుతాడన్నది నిజమే, అప్పుడప్పుడు. టీబీ మందులు వేసుకునేవాడికి అది కాలేయానికి చేటు కాబట్టి అనుమానాన్ని కొట్టిపారేయలేను.

అయితే డబ్బు చేతికొస్తే పేదవాళ్లు తాగుడుకు పెడతారన్న నమ్మకానికి ఆధారం బలహీనం. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు అనేక దేశాల్లోని నగదు సాయం పథకాల అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. ఆ సమీక్ష 2017లో అచ్చయింది. మద్యం, పొగాకు మీద ఖర్చు పెరుగుతుందన్న భయానికి అందులో ఆధారం దొరకలేదు. ఒక సమీక్ష ఒక మనిషి గురించి ఏమీ చెప్పదు, కానీ అడగకుండానే తీర్పు ఇవ్వకూడదని చెబుతుంది. అందుకని ఇంటికి వెళ్లి అడిగాం.

భార్య దాచలేదు. దేవుడి పటం వెనక నుంచి ఫైనాన్సు కార్డు తీసి చూపించింది. అరచేతిలో పట్టే పసుపుపచ్చ అట్ట. తారీఖులు, ఎదురుగా వసూలు చేసినవాడి పొట్టి సంతకాలు. కట్టని రోజుకు ఎర్ర ఇంకు సున్నా. 3,000లో 2,000 పది రోజుల ఫైనాన్సుకు, 600 కిరాణా బాకీకి, 400 కరెంటు బిల్లుకు. 'గుడ్లు రేపు తినొచ్చు మేడం. ఫైనాన్సు వాడు ఇవాళే వస్తాడు' అంది.

ఆ కార్డు పక్కన మాత్రల స్ట్రిప్పులు పెట్టి తారీఖులు సరిచూశాం. ఈ కేసులో నేను అన్నిటికన్నా విలువైనదిగా చూసేది ఆ పని. మందు తప్పిన రోజులు దాదాపు అన్నీ యార్డు నడిచే రోజులు. శని ఆదివారాల మాత్రలు ఒక్కటీ తప్పలేదు. ఇంకోటి అంతకంటే ముఖ్యమైనది. 3,000 పడ్డాక ఫైనాన్సు కట్టిన ఆ పది రోజుల్లో మందు ఒక్క రోజు కూడా తప్పలేదు. పదో రోజు దాటాక మళ్లీ సోమవారం నుంచి తప్పడం మొదలైంది.

అప్పుడు ఆయన్ని అడిగితే చెప్పాడు. 'మందేసుకుంటే కడుపులో తిప్పుద్ది మేడం. తిప్పుతుంటే టిక్కీ ఎట్టా లేపేది? పనికి పోని రోజైతే వేసుకుంటా, పడుకుంటా.' ఫైనాన్సు కట్టి ఉన్న పది రోజులు యార్డుకు వెళ్లాల్సిన అవసరం తగ్గింది. అందుకే మందు వేసుకున్నాడు. మేం గుడ్ల కోసం అనుకున్న డబ్బు పది రోజుల విశ్రాంతిని, పది రోజుల మందును కొనిపెట్టింది. ఆ ఇంటి పరిస్థితిలో అది తప్పు ఖర్చని నేను అనలేను.

చేసినవి, ఫలించనివి

ఇది తేలకముందే మేం మొదలుపెట్టిన పనులు కొన్ని ఉన్నాయి. పోషకాహారం మీద మాటలు చెప్పడం మొదటిది. బొమ్మల చార్టు పెట్టి గుడ్డు, పప్పు, పాలు, వేరుశనగ గురించి వివరించారు. భార్య అన్నిటికీ తలూపింది. ఏం తినాలో ఆమెకు తెలియక కాదు. తెలిసినదాన్నే కొత్త సంగతిలా చెప్తే వినేవాళ్లు మర్యాద కోసం వింటారంతే.

రెండోది, దాత ఇచ్చిన సరుకుల కిట్టు. నిక్షయ్ మిత్ర పేరుతో ఇలాంటి కిట్లు వస్తాయి. రోగి కోసమని ఇస్తాం, కానీ ఐదుగురున్న ఇంట్లో అది ఐదు కంచాల్లోకి వెళ్తుంది. నెలకు సరిపోవాలనుకున్నది వారం పది రోజుల్లో అయిపోయింది. 'మీరు తినాల్సింది మీరే తినండి' అని ఆయనకు గట్టిగా చెప్పమని ఒక సూచన వచ్చింది. చెప్పలేదు. పిల్లలు చూస్తుండగా తండ్రి గుడ్డు తినడం మన ఇళ్లలో జరగదు, జరగాలని కోరుకోవడం కూడా సరికాదు. పైగా ఆ పిల్లలకూ పోషణ కావాలి. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లలో చేసిన రేషన్స్ అధ్యయనం 2023లో వెలువడింది. రోగితో పాటు ఇంట్లో మిగతావాళ్లకూ తిండి సరుకులు ఇచ్చినప్పుడు, ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. అంటే కిట్టు పంచుకుని తిన్నందుకు కుటుంబాన్ని తప్పుపట్టడానికి లేదు. కిట్టు ఒక మనిషి కొలతలో ఉండటమే లోపం.

మూడోది బిల్లులు. 3,000 దేనికి పెట్టారో కొట్టు బిల్లులు చూపించమని క్షేత్ర సిబ్బంది అడిగారు. భార్య కొట్టువాడిని బతిమాలి ఒక బిల్లు రాయించుకొచ్చింది. ఆ బిల్లులో ఉన్న సరుకులు ఇంట్లో లేవు. అడిగినవాళ్లకు చిరాకు, ఇచ్చినావిడకు అవమానం. ఆ తర్వాత కొన్నాళ్లు ఆమె మా ఆశాను చూస్తే తలుపు దగ్గరకు వేసుకుంది. కార్డు చూపించేదాకా రావడానికి మళ్లీ ఓపిగ్గా నమ్మకం కూడగట్టాల్సి వచ్చింది.

'మందు సరిగా వేసుకోకపోతే రెండో విడత ఆపేస్తామని చెప్పండి' అన్న సలహా కూడా వచ్చింది. దీన్ని ఒప్పుకోలేదు. ఆ డబ్బు రోగి హక్కు, మా చేతిలో కొరడా కాదు. బెదిరిస్తే మాత్రలు పారేసి ఖాళీ స్ట్రిప్పు చూపిస్తాడు. అప్పుడు మాకు యార్డు రోజుల లెక్క ఎప్పటికీ తెలిసేది కాదు. మందుకు లొంగే టీబీ లొంగని టీబీగా మారే దారి కూడా అదే.

దారి మారింది

కారణం తెలిశాక పని రెండు ముక్కలైంది. ఒకటి కడుపులో తిప్పడం, రెండోది రోజుకు 200.

కడుపులో తిప్పడం కాలేయం దెబ్బతినడం వల్ల కూడా కావచ్చు, అందులోనూ తాగే మనిషి. కళ్లు పచ్చబడలేదు. కాలేయ పరీక్ష చేయించాం, బాగానే ఉంది. అప్పుడు మందు వేళ మార్చాం. రిఫాంపిసిన్ పరగడుపున వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది, అందుకే పొద్దున్నే వేసుకోమని చెప్తాం. కానీ తెల్లవారుజామున ఖాళీ కడుపుతో వేసుకుని యార్డుకు వెళ్లే మనిషికి ఆ నియమం మందునే మాన్పించింది. కాస్త తక్కువగా ఒంటబట్టినా రోజూ లోపలికి వెళ్లే మాత్ర మేలు. రాత్రి కొద్దిగా తిన్నాక వేసుకుని పడుకోమన్నాం. తాగుడు గురించి అప్పుడే సూటిగా మాట్లాడాను. మందు కోర్సు అయ్యేదాకా ముట్టుకోనన్నాడు. పూర్తిగా మానలేదు, బాగా తగ్గించాడు. భార్య, తల్లి ఇద్దరూ విడివిడిగా అదే చెప్పారు.

రోజుకు 200 సంగతి మా పరిధిలోది కాదని కొందరన్నారు. నా ఉద్దేశం వేరు. బీఎంఐ 15 ఉన్న మనిషి నలభై కిలోల టిక్కీలు మోస్తూ ఉంటే, తిన్నదంతా అక్కడే ఖర్చవుతుంది. మొదటి వారాల్లో తెమడలో క్రిములున్నప్పుడు వందల మంది మధ్య దగ్గుతూ పనిచేయడం ఇంకో ప్రమాదం. పని మానమని చీటీలో రాయడం నిమిషం పని. మానలేని కారణం సాయంత్రం ఆరింటికి బండి మీద వస్తోంది. ఆ కారణాన్ని వదిలేసి విశ్రాంతి రాయడం వైద్యం కాదు.

ఇంట్లో అందరితో కూర్చుని ఏ డబ్బు ఏ నెలలో వస్తుందో క్యాలెండరు మీద రాశాం. తల్లికి వందనం జూన్‌లో వస్తుందని అంతా అనుకుంటున్నారు. దాన్ని చూపించి ఇంకో అప్పు తెచ్చి ఫైనాన్సు తీర్చేద్దామన్నది ఆయన ఆలోచన. వద్దన్నాం. చేతికి రాని డబ్బును పూచీ పెడితే, అది ఆలస్యమైన నెలలో ఇంకో కార్డు పుడుతుంది. నెలనెలా తప్పకుండా వచ్చేది ఒక్కటే, పెద్దావిడ పింఛను. అది ఆమె సొంత డబ్బు. అప్పటిదాకా ఒకటో తారీఖు సాయంత్రానికే ఫైనాన్సు వాడు దాని కోసం గుమ్మంలో ఉండేవాడు. ఆమెకు బీపీ ఉంది. మాత్ర సగానికి విరిచి రోజు విడిచి రోజు వేసుకుంటోందని ఆ రోజే తెలిసింది.

భార్య పొదుపు సంఘంలో సభ్యురాలు. సంఘం సొంత పొదుపు నుంచి రూపాయి వడ్డీకి అప్పు తీసుకోవచ్చు. ఆ దారి ఆమే చెప్పింది. ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదంటే, భర్తకు టీబీ అని సంఘంలో తెలిస్తే పిల్లల్ని పక్కన కూర్చోనివ్వరని భయం. జబ్బు పేరు చెప్పనక్కరలేదు, 'ఆయనకు ఒంట్లో బాలేదు, పని మాన్పించాలి' అంటే చాలని మాట్లాడుకున్నాం. మేం సంఘం మీటింగుకు వెళ్లలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. మేం వెళ్తే జబ్బు పేరు చెప్పినట్టే అయ్యేది. ఏప్రిల్ మొదట్లో 12,000 దొరికింది. ఆమె పుట్టింటి అన్నయ్య ఫైనాన్సు వాడితో కూర్చుని, ఒకేసారి కడతామని చెప్పి 14,000 బాకీని ఆ 12,000కే తెగ్గొట్టాడు. కార్డు చింపించుకునే వచ్చాడు.

నెలకు 1,200 చొప్పున సంఘానికి కట్టాలి. పెద్దావిడ ఒక షరతు పెట్టింది. 'సంఘానికైతే కడతా డాక్టరమ్మా. మిగతా డబ్బు ఎవరి చేతికీ ఇవ్వను. సరుకులు నేనే తెస్తా.' అలాగే చేసింది. రెండో తారీఖున గుడ్ల అట్ట, కందిపప్పు, వేరుశనగ పప్పు, రోజూ అర లీటరు పాలు, తన బీపీ మాత్రలు. గుడ్లు ఇంటిల్లిపాదికీ ఉడికించేది. కొడుక్కి ఒకటి ఎక్కువ. రాత్రి అతను మాత్రలు మింగేదాకా ఎదురుగా కూర్చునేది. మేం నియమించగలిగిన ఏ పర్యవేక్షకుడూ అంత బాగా చేయలేడు.

ఏం మారింది

ఏప్రిల్ నుంచి మాత్ర తప్పలేదు. బరువు ఏప్రిల్ చివర 42.1, మే చివర 44, చికిత్స పూర్తయ్యేసరికి 47.3. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగితే మరణాల ముప్పు 61 శాతం తక్కువగా ఉందని జార్ఖండ్ పరిశోధన చూపించింది. ఈయన విషయంలో ఆ గీత 43 దగ్గర ఉంది, రెండు నెలలకు దాన్ని అందుకోలేదు. మొదటి నెల పోగొట్టుకున్నది తర్వాత కూడగట్టుకోవాల్సి వచ్చింది. చివరికి కూడా బీఎంఐ 17.4, ఇంకా తక్కువే. తెమడలో క్రిములు లేవు, దగ్గు పోయింది.

84 రోజుల తర్వాతి 3,000 మే చివర్లో పడింది. ఈసారి మేం ఏమీ అడగలేదు, భార్యే చెప్పింది. అప్పటికి యార్డుకు వేసవి సెలవులు, తొడిమల పని లేదు. ఆ డబ్బు ఇంటద్దెలోకి వెళ్లింది. అద్దె కట్టగలిగారు కాబట్టి ఆయన పనికి పరిగెత్తలేదు, కొత్త కార్డు రాయించలేదు.

కూతురి విషయం వేరుగా చెప్పాలి. మార్చిలో ఆ పిల్ల బడి మాని తల్లితో తొడిమలు తీయడానికి వెళ్లింది. 75 శాతం హాజరు లేకపోతే తల్లికి వందనం రాదన్న సంగతి తల్లికి తెలుసు, ఆ భయంతోనే పూర్తిగా మాన్పించలేదు. ఫైనాన్సు తీరిన వారంలోనే పిల్ల మళ్లీ బడికెళ్లి పరీక్షలు రాసింది. షరతు పనిచేసిందని కొందరంటారు. నిజమే, కొంత పనిచేసింది. కానీ ఆ షరతు తల్లి అప్పటికే కోరుకుంటున్నదాని వైపే ఉంది. కోరికకు అడ్డుపడింది రోజుకు 200. అడ్డు తీసేదాకా షరతు ఒక్కటే పిల్లను బడిలో కూర్చోబెట్టలేకపోయింది. భార్యకు, పిల్లలకు ఎక్స్‌రేలు తీయించాం, జబ్బు లేదు. ముందు జాగ్రత్త మందు కోర్సు ముగ్గురూ పూర్తి చేశారు, పెద్దావిడ కూడా.

జూన్‌లో తల్లికి వందనం 26,000 వచ్చింది. సంఘం అప్పు మొత్తం తీర్చేశారు. పిల్లలకు బట్టలు, కొడుక్కి సైకిలు, కొంత బ్యాంకులో ఉంచారు. 5,000 మాత్రం ఒక పెళ్లిలో చదివింపులకు వెళ్లింది. మా సిబ్బందిలో ఒకరికి ఇది నచ్చలేదు. నేను ఆయన భార్యనే అడిగాను. జబ్బు తేలిన కొత్తలో ఇంటికొచ్చి అడక్కుండా డబ్బు చేతిలో పెట్టి వెళ్లింది ఆ పెళ్లివారే. ఆ చదివింపు తిరిగి ఇవ్వకపోతే, రేపు అవసరానికి తలుపు తట్టే ఇల్లు ఒకటి తగ్గిపోతుంది. ఈ కుటుంబానికి ఇన్సూరెన్సు అంటే ఆ నాలుగిళ్లే.

పెద్దావిడ బీపీ జులైకి అదుపులోకి వచ్చింది. ఆమె కోసం మేం ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. మాత్ర విరవడం మానేసింది, అంతే.

ఈ కేసు నుంచి పక్క కేసులకు తీసుకెళ్తున్నవి

ఇది ఒక్క ఇంటి కథ. మందు వేళ మార్పు, అప్పు తీరడం, తిండి మెరుగవడం ఒకే నెలలో జరిగాయి. వీటిలో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. మందు సరిగా పడితే బరువు దానంతటదే కొంత పెరుగుతుంది కూడా. నగదు అన్నిటికీ మందు అని చెప్పడానికి కూడా ఈ కేసును వాడుకోను. అమెరికాలో వెయ్యి మంది పేద తల్లుల మీద బేబీస్ ఫస్ట్ ఇయర్స్ అనే అధ్యయనం జరుగుతోంది. కొందరికి నెలకు 333 డాలర్లు, కొందరికి 20 డాలర్లు ఇచ్చి పిల్లల ఎదుగుదలను పోల్చి చూశారు. నాలుగేళ్ల వయసుకు పిల్లల మాటల్లో, ఆలోచనా శక్తిలో తేడా కనిపించలేదు. డబ్బు ఎంతిచ్చారన్నది ఒక ప్రశ్న. ఆ ఇంట్లో డబ్బు కోసం ముందే కాచుకుని ఉన్నవి ఏమిటన్నది ఇంకో ప్రశ్న. మా దగ్గర రెండోదాన్ని అడిగే అలవాటు తక్కువ.

ఇప్పుడు టీబీ తేలిన రోజు రాసే కాగితంలో, బరువు, ఎత్తు కింద, రోజుకో వారానికో కట్టాల్సిన బాకీ ఉందా, ఎంత, ఎవరు వసూలు చేస్తారు అని రాస్తున్నాం. అడిగే తీరు ముఖ్యం. 'అప్పులున్నాయా' అంటే లేవంటారు. 'సాయంత్రం ఎవరైనా వస్తారా' అంటే చెప్తారు. మందు తప్పిన రోజులను పని రోజులతో సరిచూడటం అలవాటు చేసుకున్నాం. యార్డు కూలీకి ఒక లెక్క, భవన నిర్మాణంలో ఉన్నవాళ్లకు ఇంకో లెక్క, ఆటో నడిపేవాళ్లకు మరో లెక్క వస్తోంది. బిల్లులు అడగడం పూర్తిగా మానేశాం. ఇంట్లో పింఛను అందుకునే పెద్దవాళ్లుంటే మొదటి రోజే వాళ్లతో మాట్లాడుతున్నాం, కానీ ఆ డబ్బును ఇంటి ఖర్చుల్లో కలిపెయ్యమని ఎవరికీ చెప్పం. ఎంత ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో వాళ్ల ఇష్టం. ఆ పెద్దవాళ్ల మందుల సంచి కూడా అదే రోజు తెరిచి చూస్తున్నాం.

మార్చాల్సినదే అయినా మా చేతిలో లేనిది ఒకటుంది. మొదటి 3,000 ఖాతాలో పడేసరికి ఈయనకు మందు మొదలై రెండు వారాలయింది. అన్నిటికన్నా ఎక్కువ విశ్రాంతి కావాల్సింది, అన్నిటికన్నా ఎక్కువ మందికి అంటించగలిగేది ఆ రెండు వారాల్లోనే. జబ్బు తేలిన రోజే డబ్బు అందితే, అదే 3,000 రెండింతల పని చేస్తుందని నా నమ్మకం. ఖాతా, ఆధార్ అనుసంధానం సరిగా ఉన్నాయో లేదో ఇప్పుడు తెమడ పరీక్షకు పంపే రోజే చూస్తున్నాం. ఫలితం వచ్చేలోగా ఆ పని సగమన్నా అయిపోతుంది.

చికిత్స అయ్యాక కూడా ఆరు నెలలకోసారి చొప్పున రెండేళ్లు చూడాలి. ఆయన జులై నుంచి ఒక కోల్డ్ స్టోరేజీ దగ్గర బస్తాలు లెక్కపెట్టే పనిలో ఉన్నాడు, కూలి తక్కువ. జనవరిలో సీజన్ మొదలవగానే ముఠా మేస్త్రి పిలుస్తాడు, టిక్కీల కూలి ఎక్కువ. వెళ్లాలా వద్దా అని వాళ్లింట్లో ఇంకా తేలలేదు. 50 కిలోలు దాటాక చూద్దామన్నాను. పెద్దావిడ ఆ అంకెను క్యాలెండరు మీద జనవరి పేజీలో రాయించుకుంది.